పక్కదాని కోడి

ఒడెస్సా చేతిలోంచి కత్తి జారిపడి ఉంటే బాగుండేది. జారలేదు. పొద్దుటి బ్రేక్‌కి కాస్త ముందు, కత్తి పట్టుకున్న పిడికిలి పట్టుకున్నట్టే బిగుసుకుపోయింది. ఎడమచేత్తో ఒక్కొక్క వేలినీ లాగి విప్పుకుంటోంది. లాగిన వేలు మళ్ళీ ముడుచుకుంటోంది. ఎదురుగా, చంపి శుభ్రం చేసి స్టీలు శంకువులకు తొడిగిన కోళ్ళు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి. ఎవరి చెయ్యి ఎలా ఉంటే వాటికేం?

పక్కన నిలబడ్డ వెర్లీన్ తన కోడిని రెక్క కీలు దగ్గర కోసి, రొమ్ము మాంసం లాగి, అదే ఊపున ఒడెస్సా ముందున్న కోడిని కూడా కోసింది. దాని వెనకదీ కోసింది. ఇది కొత్తేమీ కాదు. మిసిసిపీలోని ఆ కోళ్ళ ప్లాంట్‌లో మాంసం కోసే లైన్ మీది ఆడవాళ్ళందరికీ ఉన్న అలవాటే. పక్కదాని చెయ్యి తిమ్మిరెక్కినా, పక్కదానికి కడుపులో తిప్పినా, చంటిబిడ్డ నిద్రపోనివ్వక కళ్ళు మూతలు పడుతున్నా, ఆమె కోడిని వీళ్ళు కోసేస్తారు. చెయ్యేయడం అంటారు దాన్ని. చెయ్యేసినదానికి థాంక్స్ చెప్పకూడదు, చెప్తే తిడతారు. చలికాలం నుంచీ వెర్లీన్ ఒడెస్సాకి అలా చెయ్యేస్తూనే ఉంది.

ఆ రోజు మాత్రం సూపర్‌వైజర్ హాస్కెల్ చూడనే చూశాడు. ఒడెస్సాని నర్సు గదికి పంపాడు. అక్కడ ఐసు సంచీ ఇచ్చారు, మాత్రలిచ్చారు, ఐసు కరక్కముందే తిరిగి లైన్ మీదికి తోలారు. మర్నాటికి మణికట్టు వాచి బూరెలా అయింది. అప్పుడు ఆఫీసులోకి పిలిచారు. ఇన్నేళ్ళుగా పక్కపక్కన నిలబడేవాళ్ళు కదా అని వెర్లీన్‌ని కూడా రమ్మన్నారు.

ఆఫీసులో హాస్కెల్ మర్యాదగానే మాట్లాడాడు. మర్యాద అతనికి బాగా వచ్చు. కంపెనీ పిలిపించిన డాక్టరు ఓ పక్కన కూర్చుని ఉన్నాడు. హాస్కెల్ వెర్లీన్‌ని ఒక్కటే అడిగాడు.

"నువ్వు పక్కనే ఉంటావు కదా వెర్లీన్. ఈమె పనిలో ఎప్పుడన్నా వెనకబడిందా?"

ఆ ప్రశ్న ఎక్కడికి పోతుందో వెర్లీన్‌కి తట్టలేదు. ఒడెస్సా ఉద్యోగం ఊడుతుందేమోనన్న భయం ఒక్కటే ఆమెకి కనబడింది. "లేదు సార్. ఒడెస్సా వెనకబడే మనిషే కాదు. ఆమె ముందునుంచి ఒక్క కోడి కూడా కొయ్యకుండా పోలేదు," అంది. గొప్పగా, తల ఎత్తి మరీ అంది.

హాస్కెల్ డాక్టరు వైపు చూశాడు. పని అయిపోయింది. నిన్నటిదాకా నిక్షేపంలా కోసిన చెయ్యి పని వల్ల పాడైందంటే ఎలా నమ్మడం? ఇంట్లోనో పెరట్లోనో చేసుకున్న నొప్పి అయ్యుంటుంది. కాబట్టి వైద్యం కంపెనీ పెట్టదు. కత్తి పట్టుకోలేదు కాబట్టి కత్తి పనీ లేదు. ఇదంతా చల్లగా, నెమ్మదిగా, ఆమె మేలు కోరేవాళ్ళలాగా చెప్పారు. ఒడెస్సా వెర్లీన్ ముఖంలోకి ఒకసారి చూసి, ఎడమచేత్తో తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

పెద్దాసుపత్రిలో చూపించుకుంటే నరం చచ్చిపోయిందన్నారు. చలికాలంలోనే వచ్చి ఉంటే దక్కేదట. ఆ మాట ఊళ్ళో వాళ్ళ నోటా వీళ్ళ నోటా పడి వెర్లీన్ చెవికి చేరింది. చలికాలం. ఆమె చెయ్యేయడం మొదలుపెట్టిన కాలం. అన్నం సహించలేదు. ఆకుకూర వండి, మొక్కజొన్న రొట్టె చేసి, గిన్నె పట్టుకుని ఒడెస్సా ఇంటికెళ్ళింది. ఒడెస్సా దోమల తలుపు తియ్యకుండా అవతలే నిలబడింది.

"నన్ను కాపాడాననుకున్నావు కదే. నా చేతిని నువ్వే దాచిపెట్టావు. ఎంత బాగా దాచావంటే, చివరికి నేను చూపించినా ఎవడికీ కనబళ్ళేదు."

"నేను నీ మంచికే చేశాను ఒడెస్సా."

"తెలుసు. అదే నా ఖర్మ. పగదానివైతే నోరారా తిట్టుకునేదాన్ని."

గిన్నె మెట్టు మీద పెట్టి వెర్లీన్ వచ్చేసింది. మర్నాడు చర్చిలో ఒడెస్సా ఎప్పుడూ కూర్చునే బెంచీ వదిలి కిటికీ పక్కకి మారింది. గిన్నె కడిగి లూవెనియా చేత పంపింది.

లూవెనియా ప్లాంట్‌లో ఒళ్ళు హూనం చేసుకుని బయటపడ్డ ముసలావిడ. వేళ్ళన్నీ వంకర్లు పోయాయి, నోరు మాత్రం తిన్నగా ఉంది. ఆమె మనవరాలు తలీతా జాక్సన్‌లో నాట్యం నేర్చుకుని, తిరిగొచ్చి ఊళ్ళో ధర్మాసుపత్రిలో పనికి చేరింది. ప్లాంట్ వాళ్ళు చేతుల నొప్పులతో తెగ వస్తున్నారు, కాస్త వ్యాయామం నేర్పి రామ్మా అని ఆసుపత్రివాళ్ళు ఆ పిల్లని ఆదివారం మధ్యాహ్నాలు నెబో చర్చి హాలుకి పంపించారు. మొదటి ఆదివారం తలీతా వేళ్ళు ఎలా చాచాలో, మెడ ఎలా తిప్పాలో చూపించింది. లూవెనియా కుర్చీలోంచే అందుకుంది.

"ఒసే పిల్లా, వేళ్ళు చాచమంటున్నావు బాగానే ఉంది. చాచినవాటిని రేపు పొద్దున్నే మళ్ళీ ముడిచేవాడున్నాడు. వాడికేం నేర్పుతావు?"

హాలంతా నవ్వింది. తలీతా కూడా నవ్వింది. కానీ ఆ పిల్ల మాట పట్టించుకునే రకం. మరుసటి ఆదివారం వ్యాయామం మానేసింది. కుర్చీలన్నీ గోడలకి చేర్చి వాళ్ళని వలయంగా నిలబెట్టింది.

"ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్తారు కదా, ఇక్కడా అంతే. కాకపోతే నోరు విప్పకూడదు. ఒంటితో చెప్పాలి. ఒకరు కదలాలి, మిగతావాళ్ళు ఆ కదలికని అందుకోవాలి. అందరూ అందుకున్నాకే ఆ మనిషి కథ చెప్పాలి," అంది.

అక్కడ ఒక గొంతు అడ్డం పడింది. క్లీటస్‌ది. బతికున్న కోళ్ళని కాళ్ళు పట్టి కొక్కేలకి తగిలించే పని అతనిది. చేతుల నిండా గోళ్ళ గీతలే. యూనియన్ రావాలని చాలాకాలంగా కాళ్ళరిగేలా తిరుగుతున్నాడు. ఇక్కడ మనుషులు తిండీ నీళ్ళకి కొట్టుకుంటుంటే గంతులేంటన్నాడు. సంతకాలు పెట్టించండి, ప్రభుత్వ తనిఖీ వాళ్ళకి పంపుదాం అన్నాడు. తప్పేం అన్లేదు. కాకపోతే అతను ఆ సంతకాలు అడిగినప్పుడల్లా ఆడవాళ్ళు నేల చూపులు చూసేవారు. సంతకం పెట్టాలంటే ముందు నా చెయ్యి బాగాలేదని ఒప్పుకోవాలి. ఒప్పుకున్నది రేపు లైన్ మీద ఉండదని ఒడెస్సా విషయంలో చూశారు.

"గంతులని తీసెయ్యకురా అబ్బాయ్," అంది లూవెనియా. "బానిసలుగా బతికిన మీ ముత్తవ్వలు వలయంగా తిరుగుతూ కాళ్ళతో చెప్పుకున్న మాటలు దొరలకి అర్థమై ఉంటే నువ్వు పుట్టేవాడివే కాదు."

క్లీటస్ గొణుక్కుంటూ వలయంలో నిలబడ్డాడు. ముందు సిగ్గుపడ్డారు. ముక్కు గీరుకున్నారు, జాకెట్లు సర్దుకున్నారు. తర్వాత ఒకామె భుజం ఎగరేసింది, ఎగరేసి పట్టేసినట్టు ఆగిపోయింది. అందరి భుజాలూ అలాగే ఎగిరి ఆగాయి. బాత్‌రూమ్‌కి పంపమని అడిగి అడిగి, కాళ్ళు దగ్గరికి బిగబట్టుకుని నిలబడే కథ అది. ఇంకొకామె నిద్రలో కూడా మణికట్టు తిప్పుతూ మొగుణ్ణి కొట్టే కథ చూపిస్తే పగలబడి నవ్వారు. క్లీటస్ తలపైకి చేతులెత్తి కొక్కేలకి తగిలిస్తూ తగిలిస్తూ మధ్యలో ఉన్నట్టుండి ఏడ్చాడు. ఎందుకో తనకే తెలియదన్నాడు.

వెర్లీన్ మాత్రం అందరి కదలికనీ అందుకుంటోంది గాని తనది చూపించడం లేదు. వంతు వచ్చినప్పుడల్లా తర్వాత అంటోంది. లూవెనియా కారులో వచ్చిన ఒడెస్సా వంటగది గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని, చచ్చిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎటో చూస్తూ ఉంటుంది. ఆమె ఎదురుగా ఏ కదలిక చూపించగలదు?

ఇంకో సంగతి కూడా ఉంది. అది వెర్లీన్ ఎవరికీ చెప్పలేదు. ఒడెస్సా చోట్లో పెట్రోనా అనే పిల్లని పెట్టారు. గ్వాటెమాలా కొండల నుంచి వచ్చింది, చిన్న మనిషి, లైన్ ఎత్తు అందక పెట్టె మీద నిలబడుతుంది. మామ్ అనే కొండభాష ఆమె సొంత భాష, స్పానిష్ కొంచెం, ఇంగ్లీషు ఇంకా కొంచెం. లైన్ మీద ఒక్క కోడీ తప్పిపోవడం లేదు కాబట్టి ఇంకాస్త వేగం పెంచొచ్చని పైవాళ్ళు తేల్చారట. పెంచారు. వేసవి మొదలయ్యేసరికి పెట్రోనా వేళ్ళు తెల్లబడి మొద్దుబారడం వెర్లీన్ కంట పడింది. ఆ పిల్ల కత్తిని ఎడమచేతికి మార్చుకుని చేతిని తొడకేసి కొట్టుకునేది. అప్పుడు వెర్లీన్ ఏం చేసింది? ఆమె కోడిని కోసింది. ఒడెస్సా మాటలు చెవిలో గింగురుమంటూనే ఉన్నాయి, చెయ్యి మాత్రం దానంతటదే పోయింది. లైన్ మీద నిలబడ్డవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే ఆమెని తప్పుపట్టరు. ఆమె తన్ను తాను తప్పుపట్టుకుంది. తప్పని తెలిసి చేస్తున్నాను కాబట్టి ఇప్పుడు నేను మంచిదాన్ని కూడా కాదనుకుంది.

పెట్రోనా కూడా హాలుకి రావడం మొదలుపెట్టింది. ఆ ఆదివారం తలీతా ఇంకో మెట్టు ఎక్కింది. వలయం వద్దు, ఈసారి లైనే కడదాం అంది. ప్లాంట్‌లో ఎవరు ఎక్కడ నిలబడతారో ఇక్కడా అక్కడే నిలబడండి, కోళ్ళు పోతున్నాయనుకుని కోయండి అంది. లూవెనియా హాస్కెల్ వేషం కట్టింది. తలకి బాణలి మూత బోర్లించుకుని, పొట్ట ముందుకి తోసి, "అమ్మాయిలూ, మనమంతా ఒకే కుటుంబం" అంటూ నడిచింది. నవ్వుతూనే మొదలుపెట్టారు. తలీతా నేల మీద కాలితో తాళం వేస్తోంది. తాళం పెరిగింది. నవ్వు ఆగిపోయింది. ఖాళీ చేతులు లేని కత్తులతో లేని కోళ్ళని కోస్తున్నాయి. తాళం, ఊపిరి చప్పుడు తప్ప ఇంకేం లేదు.

మధ్యలో పెట్రోనా చెయ్యి ఆగింది. నటన కాదు, నిజంగానే ఆగింది. ఆమె చేతిని తొడకేసి కొట్టుకుంది. వెంటనే వెర్లీన్ చెయ్యి ఆమె ముందుకి పోయింది. వెర్లీన్ తనది వదిలేసేసరికి అటుపక్కనున్నామె చెయ్యి వెర్లీన్ ముందుకి వచ్చింది. ఆమె ముందుకి ఇంకొకామెది. ఎవరూ చెప్పలేదు. అక్కడ హాస్కెలూ లేడు, కోళ్ళూ లేవు, ఊడడానికి ఉద్యోగమూ లేదు. అయినా వరస పొడుగునా చేతులన్నీ ఒక మనిషి దూరం పక్కకి జరిగాయి.

"అలాగే ఉండండి. కదలకండి," అంది తలీతా.

ఆగారు. ప్రతి ఆడదాని కుడిచెయ్యీ పక్కదాని కోడి మీద ఉంది. బాణలి మూత పెట్టుకున్న లూవెనియా వరస ముందు నుంచి నడిచి, ప్రతి చోటా చూసి, తనకే ఆశ్చర్యంగా, "అన్నీ కోసేశారే. ఏ ఒక్కటీ మిగల్లేదు," అంది.

వంటగది గుమ్మం దగ్గరి నుంచి ఒడెస్సా గొంతు వినబడింది. అన్ని ఆదివారాల్లో అదే మొదటిసారి.

"ఇప్పుడు చెప్పండి. ఆ పిల్లకి చెయ్యి బాగాలేదని ఎవడికన్నా కనబడుతోందా?"

చేతులు దించడానికి ఎవరికీ బుద్ధి పుట్టలేదు. క్లీటసే ముందు తేరుకున్నాడు. లైన్ ఎందుకు వేగం పెరుగుతోందో నాకు ఇన్నాళ్ళకి అర్థమైందన్నాడు. మీరు ఒకళ్ళకొకళ్ళు చేసుకునే సాయాన్ని కూడా కంపెనీ పనిలో కలిపేసుకుందన్నాడు. ఆడవాళ్ళు అతని మీద విరుచుకుపడ్డారు. చెయ్యేయకపోతే ఆ పిల్ల రేపే రోడ్డున పడుతుంది, నువ్వు తిండి పెడతావా అన్నారు. చెయ్యేస్తే ఒడెస్సా రోడ్డున పడకుండా ఆగిందా అని ఇంకో మూల నుంచి ఒక గొంతు లేచింది. పక్కదానికి సాయం చేయొద్దని చర్చి హాల్లో నిలబడి అంటారా, మీ నోట్లో మన్నుపడ అని ఒకావిడ బైబిలు సంచి తీసుకుని బయల్దేరబోయి, మళ్ళీ వచ్చి కూర్చుంది.

ఆ గొడవలో వెర్లీన్ నేల మీద చతికిలబడిపోయింది. ఇన్నాళ్ళూ కడుపులో కుక్కుకున్నదంతా బయటికొచ్చింది. ఒడెస్సా చెయ్యి నేనే తిన్నాను, ఇప్పుడు ఈ పిల్లది తింటున్నాను, దేవుడు నన్ను క్షమించడు అంటూ ముఖం కప్పుకుని ఏడ్చింది. ఇద్దరు ముగ్గురు వచ్చి వీపు నిమిరారు. ఒడెస్సా లేచి వచ్చి ఎదురుగా నిలబడింది. నిమరలేదు.

"నీ తప్పుని నువ్వు ఇంటికి తీసుకెళ్ళి ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముద్దు చేసుకో. నాకు దాంతో పనిలేదు. నువ్వు ఏడిస్తే నా వేళ్ళు లేవవు. ఈ పిల్ల చెయ్యి ఇంకా బతికుంది. దాని సంగతేంటో చెప్పు."

అందరూ పెట్రోనా వైపు తిరిగారు. అప్పటిదాకా ఆమె గురించి అరుచుకున్నారు తప్ప ఆమెని ఎవరూ అడగలేదు. ఆ పిల్ల తన చేతిని ముందుకి చాచి చూసుకుంది. అరచెయ్యి తన ఛాతీకి ఆనించుకుంది.

"నా కోడి వదిలెయ్యండి," అంది, వచ్చీరాని మాటల్లో. "పోనివ్వండి. అందరూ వదలాలి. నాదొక్కటే పోతే నేను పోతా. అందరివీ పోతే?"

ఆ ప్రశ్నకి జవాబు ఆమె చెప్పలేదు, వాళ్ళే చెప్పుకున్నారు. తలా ఒక మాట వేసి చివరికి ఒక దారికొచ్చారు. ఎవరి చెయ్యి ఎంత కోయగలిగితే అంతే కోయాలి. చెయ్యి ఆగితే అరచెయ్యి ఛాతీ మీద పెట్టుకుని నిలబడాలి. పక్కది చెయ్యేయకూడదు, ఆమె కూడా అరచెయ్యి పెట్టుకోవాలి. అలా వరసంతా ఆగాలి. ఆగాక ఒక్కొక్కరుగా కాదు, అందరూ కలిసి నర్సు గదికి నడవాలి. బయటి డాక్టరు చూడాలి, లైన్ వేగం తగ్గాలి, ఒడెస్సా చెయ్యి ప్లాంట్‌లోనే పోయిందని రాసివ్వాలి.

చెప్పుకోవడం తేలిక. చేతులకి నేర్పడం వాళ్ళు అనుకున్నంత తేలిక కాలేదు. వేసవంతా ఆదివారాలు అదే సాధన. వేయించిన చేపలు తినడం, పెట్రోనా వాళ్ళు తెచ్చిన ఆకుల పొట్లాల మొక్కజొన్న ముద్దలు తినడం, లైన్ కట్టడం, ఎవరో ఒకరి చెయ్యి ఆగడం, పక్కదాని చెయ్యి పరిగెత్తడం. లూవెనియా చెక్క గరిటెతో ఆ చేతి మీద ఒకటిచ్చేది. "సాయం చేయకుండా ఉండడం కూడా రాదు మీకు. ఏం పెంపకమో," అనేది. అందరిలోకీ వెర్లీన్ చెయ్యే మొండి. గరిటె దెబ్బలు ఎక్కువ తిన్నది ఆమే. ప్లాంట్‌లో పెట్రోనాకి ఆమె ఇంకా చెయ్యేస్తూనే ఉంది, అందరూ కలిసి ఆగే రోజు వచ్చేదాకా తప్పదు కాబట్టి. కోసిన ప్రతి కోడీ ఆ పిల్ల చేతిలో కొంత కోస్తోందని ఆమెకి తెలుసు.

ఆ రోజు ఎండలు మండుతున్నప్పుడు వచ్చింది. బయట నిప్పులు, లోపల ఐసు చలి. లైన్ మళ్ళీ వేగం పెరిగింది, చెప్పకుండానే పెంచారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పెట్రోనా చెయ్యి ఆగింది. ఆమె కత్తి పక్కన పెట్టి అరచెయ్యి ఛాతీకి ఆనించుకుంది.

వెర్లీన్ చెయ్యి లేచింది. సగం దూరం పోయింది. ముందున్న కోడి నిండుగా, తెల్లగా, కొయ్యకుండా జరుగుతోంది. ఒక్క గాటు చాలు. ఆ ఒక్క గాటుతో పిల్ల ఉద్యోగం నిలబడుతుంది, హాస్కెల్ అటే పోతాడు, ఈ పూట గడుస్తుంది. మిగతావాళ్ళు ఆగకపోతే? పెట్రోనా ఒక్కతే దొరికిపోతే? ఒడెస్సాని సాయం చేసి ముంచాను, ఈమెని సాయం మాని ముంచుతున్నానేమో అనుకుంది. కోడి దాటిపోయింది. ఆమె చేతిని వెనక్కి లాక్కుని ఛాతీకి నొక్కిపట్టుకుంది.

అటుపక్కనున్నామె చూసింది. ఆమె కత్తి కింద పెట్టింది. ఆ పక్కది పెట్టింది. హోరులో మాట వినబడదు, చెవుల్లో బిరడాలుంటాయి, అయినా వరస చివరిదాకా ఆ కదలిక పోయింది. కోళ్ళు కొయ్యకుండా దొర్లుకుంటూ పోయి చివర తొట్టిలో నిండి, పొర్లి, నేల మీద పడ్డాయి. ఎవరో లైన్ ఆపారు. ఆ ప్లాంట్‌లో అంత నిశ్శబ్దం వాళ్ళెవరూ విని ఎరగరు.

హాస్కెల్ పరిగెత్తుకొచ్చాడు. అరవలేదు. మర్యాదగా పెట్రోనాని వేలితో చూపించి, వెర్లీన్‌నే అడిగాడు, ఈ పిల్లేనా పని చేయలేకపోతున్నది అని. మీరంతా పాత మనుషులు, దీని కోసం మీ బతుకులు ఎందుకు పాడుచేసుకుంటారన్నాడు.

"ఈ పిల్ల చెయ్యి మొదటి నెల నుంచే బాగాలేదు సార్. దీని కోళ్ళు నేను కోశాను. ఒడెస్సావీ నేనే కోశాను. నా చెయ్యి తిమ్మిరెక్కినప్పుడు నావి ఇటుపక్కనున్నామె కోసింది. ఈ లైన్ మీద ఒక్క మనిషి కూడా మీ వేగం అందుకోవడం లేదు. మీకు అబద్ధం చెప్పాను. ఇప్పుడు నిజం చెప్తున్నాను, రాసుకోండి," అంది వెర్లీన్.

అందరూ నర్సు గది వైపు నడిచారు. ఆ గది ఇద్దరికి సరిపోయేది. నడవ నిండిపోయింది. ఒక్కొక్కరుగా అయితే చూస్తామన్నారు, కుదరదన్నారు వీళ్ళు. కొక్కేల దగ్గరి నుంచి క్లీటస్, అతని తోటివాళ్ళు కూడా వచ్చి చేరారు. చివరికి ఇది చొరబాటు కిందికి వస్తుందని, అందరికీ పని పోయినట్టేనని చెప్పి, కాపలావాళ్ళ చేత బయటి కార్ల స్థలంలోకి తోయించారు.

సరిగ్గా రెండో షిఫ్టు వచ్చే వేళ. కార్లలోంచి, వ్యాన్లలోంచి జనం దిగుతున్నారు. వాళ్ళలో ఎక్కువమంది పెట్రోనా ఊళ్ళ వైపువాళ్ళు. హాస్కెల్ గేటు దగ్గర నిలబడి, లోపలికి పదండి, ఇక్కడేం లేదు, కొంతమంది కొట్టుకుని పని మానేశారంతే అని చెప్తున్నాడు. క్లీటస్ ఏదో అరవబోయాడు. అతని ఇంగ్లీషు సగంమందికి అర్థం కాదు. పెట్రోనా అతని చొక్కా పట్టి ఆపింది.

కాలే తారు మీద వాళ్ళు లైన్ కట్టారు. తెల్ల కోట్లు, జుట్టు వలలు, రబ్బరు బూట్లతోనే. ఎక్కడ నిలబడేవాళ్ళు అక్కడ. పెట్రోనా కాలితో తాళం వేసింది. చేతులు కొయ్యడం మొదలుపెట్టాయి. తాళం పెరిగింది, ఇంకా పెరిగింది. పెట్రోనా చెయ్యి ఆగింది, వెర్లీన్ చెయ్యి పోయింది, వరసంతా చేతులు పక్కకి జరిగాయి. అక్కడ ఆపి, అలాగే నిలబడి, చూడనిచ్చారు. రెండో షిఫ్టువాళ్ళు నడక ఆపేశారు. ఎవరి చేతుల్ని వాళ్ళు చూసుకుంటున్నారు. తర్వాత వెర్లీన్ తన చేతిని నెమ్మదిగా వెనక్కి తీసుకుని ఛాతీ మీద పెట్టుకుంది.

మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు. అప్పుడే షెరీఫ్ మనుషులు వచ్చారు. కంపెనీ జాగాలో ఉన్నారు, కదలండి అన్నారు. ఎవరూ కదల్లేదు. మొదలుపెట్టింది ఎవరని అడిగితే హాస్కెల్ వెర్లీన్‌ని చూపించాడు. ఆమె చేతులు వెనక్కి విరిచి ప్లాస్టిక్ పట్టీ బిగించారు. కుడి మణికట్టు దగ్గర పట్టీ ఒరుసుకుంటున్నా ఆమెకి ఏమీ తెలియలేదు. ఆ చేతికి స్పర్శ పోయి చాలాకాలమైంది, తనకి తానే ఒప్పుకోలేదు. పట్టీ ఎక్కువ బిగిసిందా అని షెరీఫ్ మనిషి అడిగాడు.

"తెలియదు బాబూ. నా చెయ్యి కూడా పోయింది," అంది.

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. ఆమెని కారు వెనక సీట్లో కూర్చోబెట్టి తలుపు వేశారు.

వరసలో వెర్లీన్ చోటు ఖాళీ అయింది. తాళం తడబడింది. అలవాటు ఎక్కడికి పోతుంది, రెండు పక్కల నుంచీ చేతులు ఆ ఖాళీ మీదికి సాగబోయాయి. అంతలో లూవెనియా కారు వచ్చి రోడ్డు వారగా ఆగింది. కబురు ఎవరందించారో, ముసలావిడ పక్క సీట్లోంచి ఒడెస్సా దిగింది. ఇంట్లో వేసుకునే గౌనుతోనే నడుచుకుంటూ వచ్చి ఆ ఖాళీలో నిలబడింది.

ఒడెస్సా కుడిచెయ్యి ముందుకి చాచింది. వేళ్ళు వంగి, ఎండి, గాలిలో అలాగే ఉన్నాయి. పెట్రోనా తాళం వేసింది. కనబడని కోళ్ళు ఒకటొకటిగా ఆ చేతి కింది నుంచి పోయాయి. ఒడెస్సా ఒక్కదాన్నీ కొయ్యలేకపోయింది. పక్కనున్న ఆడవాళ్ళు పళ్ళు బిగించి, కళ్ళవెంట నీళ్ళు కారుతుండగా, అరచేతులు ఛాతీలకి ఆనించుకుని నిలబడ్డారు. ఎవరూ చెయ్యేయలేదు. ఆ చెయ్యి మొత్తం, దాచకుండా, అందరికీ కనబడింది.

కారు అద్దంలోంచి వెర్లీన్ చూస్తూనే ఉంది. ఒక్కసారి ఇటు చూస్తే చాలుననుకుంది. ఒడెస్సా ఇటు చూడలేదు. ఆమె రెండో షిఫ్టు వైపు చూస్తోంది.

ఆ గుంపులోంచి ఒక నడివయసు ఆవిడ అన్నం సంచి కింద పెట్టింది. హాస్కెల్ ఆమెని పేరు పెట్టి పిలిచాడు, పేరు తప్పుగా పిలిచాడు. ఆవిడ వెనక్కి తిరగలేదు. వచ్చి ఒడెస్సా పక్కన నిలబడి, తన కుడిచేతి తొడుగు ఊడదీసి, వాచిన వేళ్ళని ఎత్తి చూపించింది. ఆమె వెనక ఇంకొకామె వచ్చింది. తర్వాత ఒక మగాడు. తర్వాత ఒక్కొక్కరుగా రావడం మానేసి గుంపుగా వచ్చారు.

కారు కదిలింది. వెర్లీన్ మెడ తిప్పుకుని వెనక అద్దంలోంచి చూసింది. గేటు బార్లా తెరిచి ఉంది, దాని పక్కన హాస్కెల్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. రెండో షిఫ్టు లోపలికి వెళ్ళలేదు.